ఇంట కూర్చుండి సంపాదన: ఒక ప్రకటన చరిత్ర

ఇంట కూర్చుండియే నెలకు వేలకు వేలు సంపాదింపవచ్చును, పూర్వానుభవము అక్కరలేదు, రోజునకు రెండు గంటల తీరిక చాలును, గృహిణులకును విద్యార్థులకును విశ్రాంత ఉద్యోగులకును ఇది సదవకాశము — ఈ ధోరణిలో నడచు ప్రకటనను ఎన్నడును చూడని కుటుంబము నేడు మన దేశమున అరుదు. ఒకప్పుడు అది పత్రికల చివరి పుటలలో, నలుపు గీతల పెట్టె నడుమ, పోస్టు బాక్సు నంబరుతో కనబడెడిది. పిమ్మట బస్సుస్టాండు గోడలపైనను, రైలు పెట్టెల లోపలను కాగితమై అంటుకొన్నది. ఇప్పుడు చేతిలోని ఫోనులోనికే వచ్చి పేరుపెట్టి పలుకరించుచున్నది. వాహనము మారినది గాని, దానిపై వచ్చు మాట మారలేదు.

ఈ మాటను నమ్మి సొమ్ము పోగొట్టుకొన్నవారిని ఆశపోతులని తేలికగా అనివేయుట లోకమునకు అలవాటు. అది న్యాయము కాదు. చంటిపిల్లను విడిచి ఉద్యోగమునకు పోలేని తల్లి, పింఛను చాలక వేరొక ఆధారము వెదకు పెద్దమనిషి, చదువు ముగించి పని దొరకక ఇంటనున్న యువకుడు — వీరి అవసరము నిజమైనది. అవసరము నిజమైనది కనుకనే మోసము ఫలించుచున్నది. పోవునదియు సామాన్యమైన సొమ్ము కాదు. తాకట్టుపెట్టిన గాజులు, అమ్మాయి పెండ్లికని దాచిన మొత్తము, బంధువుల వద్ద తెచ్చిన బదులు. పోయిన పిమ్మట సిగ్గుచేత ఎవరును నోరు మెదపరు. ఆ మౌనమే మోసగానికి పెట్టుబడి. అదే ప్రకటన మరునాడు పొరుగింటి తలుపు తట్టును.

కావున ఈ ప్రకటన ఎచ్చట పుట్టినది, ఏ యే వేషములు ధరించినది, ప్రభుత్వములు దానిని ఎట్లు ఎదుర్కొన్నవి అను విషయమును కొంత విచారించుట మంచిది. చరిత్ర తెలిసినచో, క్రొత్తగా వచ్చిన వేషములో పాత ముఖమును గుర్తించుట సులభమగును.

మొదట నిజమైన ఇంటిపనిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఇంటనుండి సంపాదించుట అనునది మోసగాండ్రు కల్పించిన ఊహ కాదు. మన తెలుగునాట దానికి దీర్ఘమైన చరిత్ర కలదు. గోదావరీ తీరమున నరసాపురము పరిసర గ్రామములలో స్త్రీలు లేసు అల్లెడి పని పంతొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చి, ఇంటింట పాదుకొని, విదేశములకు ఎగుమతియగు పరిశ్రమగా పెరిగినది. తెలంగాణమున నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములలో వేలకొలది స్త్రీలు ఇంటి అరుగుపై కూర్చుండి బీడీలు చుట్టి సంసారములు ఈడ్చినారు. బొంబాయి గిర్గాములో 1959వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయల అప్పుతో ప్రారంభించిన అప్పడముల పని, తరువాత లిజ్జత్ పేరుతో దేశమంతట వేలాది గృహములకు జీవనాధారమైనది.

ఈ మూడింటిని జాగ్రత్తగా పరిశీలించినచో కొన్ని సామాన్య లక్షణములు కనబడును. పనిచేయు స్త్రీ చేతికి దారమో, తునికాకును పొగాకుమో, కలిపిన అప్పడపు పిండియో వచ్చును. ఆమె వద్దనుండి తయారైన వస్తువు పోవును. ఆ వస్తువును కడపట కొనువాడు ఆ పనితో సంబంధము లేని బయటివాడు. లేసును ఐరోపా గృహిణి తన బల్లపై పరచుకొనును. బీడీని కూలివాడు కాల్చుకొనును. అప్పడమును ఎవరో భోజనములో నంజుకొందురు. వారిచ్చిన సొమ్ములో కొంత భాగము వెనుకకు నడచివచ్చి పనిచేసిన చేతిని చేరును. అంతేకాక, ఈ పనులు చేసిన వారెవ్వరును పని సంపాదించుకొనుటకై వేలకొలది రూపాయల ప్రవేశ రుసుము చెల్లించలేదు.

మరియొక లక్షణమును మరువరాదు. నిజమైన ఇంటిపనిలో కూలి స్వల్పము. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి 1982లో ప్రచురించిన గ్రంథమున, గంటలకొలది జరుగు ఆ శ్రమను తీరిక వేళల కాలక్షేపముగా లెక్కగట్టుట వలననే దానికి అంత తక్కువ ప్రతిఫలము లభించుచున్నదని చూపినది. బీడీ కార్మికుల కొరకు 1966లో పార్లమెంటు చేసిన చట్టము ఇంటివద్ద చుట్టువారిని సయితము కార్మికులుగా గుర్తింపవలసి వచ్చినది. అనగా, నేర్పుతో రోజంతయు శ్రమించిన చేతులకే ఇంటిపని ఇంత కొద్దిగా ఇచ్చుచుండగా, నేర్పు లేకయే రెండు గంటలలో వేలు వచ్చునను మాట వినినపుడు మనము ఒక క్షణమాగి ఆలోచింపవలసి యున్నది.

ఇక ప్రకటన కథకు వత్తము. ఇంగ్లండులో 1840లో ఒక పెన్నీ తపాలా ఏర్పడిన పిమ్మట ఉత్తరము చవుకయైనది. ఇతర దేశములును ఆ మార్గమునే అనుసరించినవి. చవుకైన తపాలా, చవుకైన వార్తాపత్రిక — ఈ రెండును కలిసిన చోట ముఖము చూపకుండ వ్యాపారము చేయు వీలు కలిగినది. ఎచ్చటనో నగరములో కూర్చున్నవాడు పల్లెలోని కుటుంబముతో నేరుగా మాటలాడగలిగెను. మంచి విత్తనములను, పుస్తకములను, కుట్టుమిషనులను అమ్మినవారు ఎందరో కలరు. వారి వెనుకనే, లేని వస్తువును అమ్మువారును బయలుదేరిరి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ బెడద పెరిగి, 1872లో తపాలా ద్వారా మోసగించుటను నేరముగా చేయుచు చట్టము వచ్చినది. అది నేటికిని సవరణలతో అమలులో నున్నది.

తపాలా యుగపు ఇంటిపనులలో మిక్కిలి పేరుపడినది కవరులలో కాగితములు పెట్టి అంటించెడి పని. ఒక్కొక్క కవరునకు ఇంత ప్రతిఫలమని ప్రకటన. వివరములకై కొద్దిపాటి రుసుము పంపవలెను. రుసుము పంపినవానికి కవరులు రావు; ఒక సలహా వచ్చును. నీవును ఇట్టి ప్రకటననే పత్రికలో వేయుము, నీకును జనులు రుసుములు పంపుదురు అనునదే ఆ సలహా. ఇందులో అంటింపవలసిన కవరులు లేవు, వాటిని అంటింపించుకొను వ్యాపారియును లేడు. ఉన్నది ప్రకటన ఒక్కటే. ఒకడు పోగొట్టుకొన్న సొమ్మును రాబట్టుకొనవలెనన్నచో మరి పదిమందిని అదే గోతిలోనికి పిలువవలెను. తరువాతి నూరేండ్లలో వచ్చిన పెక్కు పథకములకు ఈ కవరుల పనియే బీజమని చెప్పవచ్చును.

1920లో బోస్టన్ నగరమున చార్లెస్ పోంజీ నడపిన వ్యవహారము ఇంటిపని కాకపోయినను, ప్రకటనను లెక్కతో పరీక్షించుటకు అది మంచి పాఠము. దేశాంతర తపాలా జవాబు కూపనులను ఒకచోట చవుకగా కొని వేరొకచోట మార్చి లాభము తీయుదునని, నలుబది యైదు దినములలో నూటికి ఏబది వడ్డీ ఇత్తునని అతడు చెప్పెను. జనులు బారులు తీరి సొమ్మిచ్చిరి. ఆర్థిక విషయములలో అనుభవముగల పత్రికాకారుడు క్లారెన్స్ బారన్ ఒక చిన్న లెక్క వేసెను. పోంజీ చెప్పిన వ్యాపారము నిజముగా జరుగుటకు పదునారు కోట్ల కూపనులు కావలెను. చలామణిలో నున్నవి సుమారు 27,000 మాత్రమే. ఆగస్టు నాటికి ఆ మేడ కూలినది. క్రొత్తవారి సొమ్మునే పాతవారికి లాభమని పంచినట్లు తేలినది. తపాలా మోసమను నేరమును అతడు ఒప్పుకొని చెరసాలకు పోయెను. 1872 నాటి చట్టము ఈ విధముగా అక్కరకు వచ్చినది.

అసత్య ప్రకటనలను నేరుగా అదుపుచేయు ప్రయత్నములును ఆ కాలముననే మొదలైనవి. అమెరికాలో 1914లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏర్పడినది. అయితే దాని ఉద్దేశము ముఖ్యముగా వ్యాపారుల నడుమ ధర్మమైన పోటీని కాపాడుట. ప్రకటన చూచి మోసపోయిన గృహస్థునకు నష్టము కలిగినది అనిన చాలదు, పోటీ వ్యాపారికి నష్టము కలిగినట్లు చూపవలెనని 1931లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఈ లోపమును దిద్దుటకు మరి ఏడేండ్లు పట్టినది. 1938లో వచ్చిన వీలర్-లీ సవరణతో, కొనువానిని మోసగించుటయే తప్పుగా నిర్ణయమైనది. మన దేశమున ఇట్టి మార్పు 1984లో వచ్చినది. గుత్తాధిపత్యములను గూర్చిన 1969 నాటి చట్టమునకు ఆ సంవత్సరమున చేసిన సవరణ, తప్పుడు ప్రకటనలను అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొన్నది. 1986లో వినియోగదారుల పరిరక్షణ చట్టము దానిని వెన్నంటి వచ్చెను. ఈ తేదీలను ఇచ్చట చెప్పుటకు కారణమొకటి కలదు. మోసము ముందు నడచును, చట్టము వెనుక వచ్చును. ఆ రెంటి నడుమనున్న ఎడములో గృహస్థునకు తన వివేకమే రక్ష.

ఇంటి ఆవరణలోనే జంతువులను పెంచి ధనవంతులగుడను ప్రకటన మరియొక వేషము. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలో నుండు చించిల్లా అను చిన్న జంతువు ఉన్ని మిక్కిలి మెత్తనిది, ఖరీదైనది. మథియాస్ చాప్మన్ అను గని ఉద్యోగి 1923లో పదునొకండు చించిల్లాలను చిలీ దేశమునుండి కాలిఫోర్నియాకు తెచ్చెను. వాటి సంతతితో ఒక పరిశ్రమ ఆరంభమైనది. 1950, 1960 దశకములు వచ్చుసరికి, ఇంటిలో నొక ఖాళీ గది ఉన్న చాలును, అనుభవముతో పనిలేదు, ఆడుజంతువు ఏటేట ఇన్ని పిల్లలను పెట్టును, ఒక్కొక్క తోలునకు ఇంత ధర వచ్చును అను ప్రకటనలు వెల్లువెత్తినవి. జతల ధర వందల డాలర్లు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టి అమ్మకందార్లపై పెక్కు ఉత్తరువులు చేసినది. ఈ జంతువుల పెంపకము ఖాళీ గదిలో నేర్పులేనివారు చేయదగినది కాదనియు, పిల్లల సంఖ్యయు తోళ్ల ధరయు పెంచి చెప్పినవనియు ఆ విచారణలలో తేలినది. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి యని మన సామెత. అమ్మకందారునకు లాభము వచ్చినది తోళ్లవలన కాదు. పెంచుటకు జతలను కొన్న కుటుంబముల వలన.

ఏబదియేండ్ల పిమ్మట అదే కథ మన పొరుగున తమిళనాడులో ఈము పక్షుల రూపమున నడచినది. మన తెలుగు జిల్లాలలోను ఈముల పెంపకము పెక్కు గ్రామములలో సాగినది. ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఈ పక్షి మాంసమునకును, క్రొవ్వునుండి తీయు నూనెకును గొప్ప గిరాకి కలదని ప్రచారము. ఈరోడు ప్రాంతములోని సంస్థలు రైతులవద్ద డిపాజిట్టు తీసికొని, పిల్లలను ఇచ్చి, నెలనెలా పోషణ సొమ్ము చెల్లింతుమని ఒప్పందములు చేసికొన్నవి. సినిమా నటులు ఆ ప్రకటనలలో కనబడిరి. 2012లో చెల్లింపులు నిలిచిపోయినవి, నడపువారు మాయమైరి, వదలివేసిన పక్షులకు మేత పెట్టవలసిన భారము కడకు ప్రభుత్వముపై పడినది. ఈము మాంసమును తినువారెవరు, నూనెను కొనువారెవరు, ఏ బజారులో, ఏ ధరకు అను ప్రశ్నను ముందుగా ఎవరైన గట్టిగా అడిగియుండినచో, పెంపకందారులకు పిల్లలను అమ్ముటయే అక్కడి ముఖ్య వ్యాపారమని తెలిసియుండెడిది.

జంతువులకు బదులు మనుష్యులనే పెంచునట్టి పద్ధతి గొలుసు వ్యాపారము. ఒకడు రుసుము కట్టి చేరి ఆరుగురిని చేర్పించవలెను, వారొక్కొక్కరు మరి ఆరుగురిని చేర్పించవలెను. కాగితముపై ఇది చక్కగా కనబడును. కాని లెక్క కట్టి చూడుడు. పదకొండవ మెట్టునకు ముప్పది యారు కోట్ల మంది కావలెను. పండ్రెండవ మెట్టునకు రెండువందల పదునేడు కోట్లు, అనగా మన దేశ జనాభాను మించినది. పదుమూడవ మెట్టునకు పదమూడు వందల కోట్లు. అంతమంది మనుష్యులు భూమిపైననే లేరు. కావున గొలుసు ఎక్కడనో తెగియే తీరవలెను. తెగినచోట ఉండువారు ఎప్పుడును క్రిందివారే; అందరికంటె ఎక్కువ సంఖ్యలో ఉండువారును వారే.

అమెరికాలో 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక సౌందర్యద్రవ్యముల సంస్థ కేసులో దీనికి స్పష్టమైన నిర్వచనము నిచ్చెను. చేరినవాడు సొమ్ముకట్టి రెండు హక్కులు పొందుచున్నాడా, ఒకటి వస్తువును అమ్ము హక్కు, రెండవది వస్తువు అమ్మకముతో నిమిత్తము లేక ఇతరులను చేర్చినందుకు బహుమానము పొందు హక్కు — అట్లయినచో అది మోసమని తేల్చెను. 1979లో మరియొక పెద్ద సంస్థ విషయమున, దాని ఏర్పాటు మొత్తముగా అక్రమము కాదని చెప్పుచునే, చేరినవారికి ఇంత ఆదాయము వచ్చునని చేసిన ప్రచారము తప్పుదారి పట్టించునదని నిర్ణయించెను. ఈ రెండవ తీర్పులోని సూక్ష్మమును గమనింపవలెను. సంస్థ చట్టబద్ధమైనదగుటయు, దాని ప్రకటన సత్యమగుటయు వేర్వేరు విషయములు. రిజిస్ట్రేషను పత్రమును గోడకు తగిలించినంత మాత్రమున ఆదాయపు అంకె నిజము కానేరదు.

మన పార్లమెంటు ఈ విషయమున 1978లోనే చట్టము చేసినది. ప్రైజు చిట్లను, ధన చలామణి పథకములను నిషేధించు ఆ చట్టము ప్రకారము అట్టి పథకమును నడపువారికి మూడేండ్ల వరకు చెరసాల శిక్ష గలదు. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పెద్ద ప్రత్యక్ష విక్రయ సంస్థ పిటిషనును కొట్టివేయుచు, ఆ సంస్థ పథకము ఈ చట్టపు నిర్వచనములోనికి వచ్చునని చెప్పెను. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ప్రత్యక్ష విక్రయములపై నియమములను ప్రకటించి, పిరమిడ్ పథకములను, ధన చలామణి పథకములను నిషేధించినది; విక్రేతగా చేరువాని వద్ద ప్రవేశ రుసుము తీసికొనరాదని శాసించినది.

ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట ఈ వేషములన్నియు ఒకచోట చేరినవి. తపాలాబిళ్ల ఖర్చు కూడ లేకపోయెను. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆన్‌లైను ప్రకటనపై తొలి వ్యాజ్యమును 1994లోనే వేసినది. మన దేశములో 2011లో ఒక సంస్థ, 11,000 రూపాయలు చందా కట్టినవారికి ఇంటిలోనే కంప్యూటరుపై సర్వేలు నింపు పని ఇత్తునని చెప్పినది. సర్వే ఒకటికి 500 రూపాయలు, వారమునకు రెండు సర్వేలు. లెక్క కట్టిన ఏడాదికి 52,000 రూపాయలగును. కొన్ని నిమిషముల అభిప్రాయమునకు అంత సొమ్ము ఇచ్చి కొను వ్యాపారి ఎవరు? ఆ ప్రశ్న గట్టిగా వినవచ్చు వేళకు లక్షలమంది చేరిపోయిరి. చెల్లింపులు నిలిచినవి, పోలీసు కేసులు నమోదైనవి.

డేటా ఎంట్రీ పని పేరిట జరుగునది ఇంకను క్రూరమైనది. మొదట నమోదు రుసుము తీసికొందురు. ఒప్పందముపై సంతకము పెట్టింతురు. రాత్రింబవళ్లు కూర్చుండి టైపు చేసి పంపిన పనిలో తప్పులున్నవని తిరస్కరింతురు. పిదప న్యాయవాది పేరిట నోటీసు వచ్చును: ఒప్పందము భంగపరచితివి, ఇంత జరిమానా కట్టుము, లేనిచో కోర్టుకు రమ్ము. పనిచేసినవారికే భయపెట్టి సొమ్ము లాగు ఈ పద్ధతి, తపాలా యుగపు కవరులవానికి తోచినది కాదు.

2020లో కోవిడ్ వ్యాధి వలన లోకమంతయు ఇండ్లకు పరిమితమైన పిమ్మట ఇంటనుండి ఉద్యోగము చేయుట మర్యాదస్తుల జీవనములో భాగమైనది. ఆ నీడను ఆశ్రయించి చిన్న పనుల మోసము ప్రబలినది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో సందేశము వచ్చును. వీడియోలను మెచ్చుకొనుట, హోటళ్లకు మంచి మార్కులు వేయుట — ఇదియే పని. మొదటి రోజున నూటయేబదియో రెండు వందలో నిజముగానే ఖాతాలో పడును. అది కూలి కాదు, గాలమునకు గ్రుచ్చిన ఎర. పిమ్మట ముందుగా సొమ్ము కట్టి చేయవలసిన పనులు వచ్చును. తెరపై లాభము పెరుగుచున్నట్లు అంకెలు కనబడును. తీసికొనబోయినపుడు పన్ను కట్టుమందురు, ఖాతా స్తంభించినది విడిపించుకొనుమందురు. పోయిన సొమ్మును రాబట్టుకొనవలెనను ఆరాటమే మరింత సొమ్మును లాగును. 2023 డిసెంబరులో కేంద్ర హోం మంత్రిత్వశాఖ, ఇట్టి తాత్కాలిక ఉద్యోగముల మోసములకు ఉపయోగపడుచున్న నూటికి మించిన వెబ్‌సైట్లను నిలిపివేసినట్లు ప్రకటించినది. వాటిని విదేశములనుండి నడపుచున్నట్లును తెలిపినది.

చట్టములు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. అమెరికాలో 2012 మార్చి నుండి అమలులోనికి వచ్చిన నియమము ప్రకారము, ఇంటి వ్యాపార అవకాశమును అమ్మువాడు, సంతకమునకును సొమ్ము చెల్లింపునకును ఏడుదినములు ముందుగా ఒక పుట పత్రమును కొనువాని కీయవలెను. ఆదాయపు అంకె చెప్పినచో దానికి ఆధారమును వ్రాతపూర్వకముగా చూపవలెను. మన దేశమున 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చి, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థను ఏర్పరచినది. తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మరల చేసినచో ఏబది లక్షల వరకు జరిమానా విధించు అధికారము దానికి గలదు. ప్రకటనను బలపరచిన ప్రముఖులును ఈ జరిమానాకు లోబడినవారే. ఈముల ప్రకటన నాటికి ఇట్టి చట్టము లేదు.

రేడియోవారముగా మేము ఇచ్చట ఒక మాట చేర్చవలసియున్నది. వివిధ భారతి 1967లో వాణిజ్య ప్రకటనలను ప్రసారము చేయ మొదలిడినది. నాటినుండి మన ఇండ్లలో వార్తయు, సంగీతమును, ప్రకటనయు ఒకే పెట్టెనుండి వినవచ్చుచున్నవి. పత్రికలో అచ్చైనదనియో, రేడియోలో వినబడినదనియో, తెరపై కనబడినదనియో ఒక మాట సత్యము కాదు. ప్రకటన అనునది సొమ్మిచ్చి మాటలాడించుకొన్న మాట. దానిని వినవచ్చును, పరీక్షింపకుండ నమ్మరాదు.

పరీక్ష ఎట్లు? పై చరిత్రనంతటిని వడగట్టినచో కడపట నిలుచు ప్రశ్న ఒక్కటి: ఈ సొమ్ము ఎవరి చేతినుండి వచ్చును? లేసు అల్లిన స్త్రీకి వచ్చిన సొమ్ము లేసును వాడుకొన్నవాని చేతినుండి వచ్చినది. కవరులవానికి వచ్చినది కవరుల పని కోరినవారి చేతినుండి. చించిల్లాలలో, ఈములలో, గొలుసులలో, సర్వేలలో, అన్నిట ఇదే తేడా. బయటినుండి కొనువాడు కనబడనిచోట, కొనువాడవు నీవే.

ఈ మూలప్రశ్నకు తోడుగా మరికొన్ని అడుగవలెను. పని ఇచ్చువాడు నాకు సొమ్మిచ్చుచున్నాడా, నావద్ద సొమ్ము అడుగుచున్నాడా? రుసుము, డిపాజిట్టు, శిక్షణ, సామగ్రి పెట్టె — పేరేదైనను ఎదురు సొమ్ము అడిగినచోట ఆగవలెను. చెప్పిన ఆదాయము ఎందరికి నిజముగా వచ్చినది, వ్రాతపూర్వకమైన ఆధారమేది? ఒకరిద్దరి ఫోటోలును ప్రశంసలును ఆధారములు కావు. మొదట చేరినవారికి సొమ్ము ముట్టుట పోంజీ విషయములోను జరిగినది. సంస్థ చిరునామాకు పోయినచో అచ్చట తలుపు, మనుష్యులు, పని కనబడుదురా? ఈ రాత్రికే గడువు ముగియునని తొందరపెట్టుచున్నారా? నిజమైన వ్యాపారము వారముదినములు ఆగగలదు. అమెరికా నియమములోని ఏడుదినముల అర్థము ఇదియే. బంధువో స్నేహితుడో పిలిచినచో మొగమాటము సహజము. అట్టియెడ అతని మంచితనమును శంకింపనక్కరలేదు. అతనికి సొమ్ము ఎచ్చటనుండి వచ్చుచున్నదో అడిగిన చాలును. పెక్కుమార్లు అతడును ఎరుగడు.

ఇంతజాగ్రత్తలోను పొరపడుట మానవ సహజము. అట్టి సందర్భమున చేయదగిన పని ఆలస్యము చేయకుండుట. ఫోను ద్వారా సొమ్ము పోయినచో వెంటనే 1930 అను నంబరునకు తెలుపవలెను. సొమ్ము చేతులు మారకమునుపే ఫిర్యాదు చేరినచో ఖాతాలో నిలిపివేయు అవకాశము గలదు. వ్యాపారులపై ఫిర్యాదులకు వినియోగదారుల సహాయ నంబరు 1915. రసీదులు, సందేశములు, ఖాతా వివరములు తుడిచివేయక దాచవలెను. ఒప్పందభంగమను నోటీసు వచ్చినచో భయపడి సొమ్ము కట్టక, దానిని పోలీసులకో తెలిసిన న్యాయవాదికో చూపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఇంటిలో చెప్పవలెను. చెప్పినవారిని నిందింపకుండుట ఇంటివారి కర్తవ్యము. తిట్లకు వెఱచి దాచిన నష్టము రెట్టింపగును. చెప్పుకొన్న నష్టము పదిండ్లను కాపాడును.

ఇంటనుండి ఆర్జించు ఆశను చంపుకొనుమని మేము చెప్పుట లేదు. ఊరగాయలు పెట్టి అమ్ముకొను ఇల్లాలు, కుట్టుపని చేయు యువతి, ఫోను ద్వారా పాఠములు చెప్పు ఉపాధ్యాయుడు, చిన్న సంస్థలకు లెక్కలు వ్రాసిపెట్టు పట్టభద్రుడు — వీరందరును ఈనాడు ఇంటనుండియే గౌరవముగా జీవించుచున్నారు. ఇంటర్నెట్టు వీరికి నిజముగా మేలు చేసినది. ఊరు దాటి కొనువారిని తెచ్చిపెట్టినది. వీరిలో ఎవరిని అడిగినను తమ సరకును కొనువాడెవడో పేరుతో చెప్పగలరు, మొదటి ఏడాది ఎంత కష్టపడినదియు చెప్పగలరు. అరచేతిలో వైకుంఠము చూపు ప్రకటన మీ ఫోనులోనికి వచ్చిన దినమున, అట్టివారొకరిని పిలిచి, దానిని చదివి వినిపించి, వారి అభిప్రాయము అడుగుడు. అందులకు రుసుము అక్కరలేదు.